సుదూర ప్రవేశంలో లోపాన్వేషణ: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక చోట కూర్చొని, వేరొక చోట ఉన్న కంప్యూటర్‌లోకి అనుమతితో ప్రవేశించి పనిచేయడాన్ని రిమోట్ లాగిన్ అంటారు. ఈ వ్యాసంలో దానిని సుదూర ప్రవేశమని వ్యవహరించడమైనది. లినక్స్ సర్వర్ల నిర్వహణ నేడు దాదాపు పూర్తిగా ఈ మార్గంలోనే సాగుతున్నది. దీని చరిత్రను సాధారణంగా కొత్త ఆవిష్కరణల వరుసగా చెబుతారు. ఆ ఆవిష్కరణల కంటే, ప్రవేశం విఫలమైన సందర్భాలూ వాటి కారణాలను వెతికిన తీరూ ఈ చరిత్రను ఎక్కువగా మలిచాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

తొలి వైఫల్యం

1969 అక్టోబర్ 29 రాత్రి, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి చార్లీ క్లైన్ అనే విద్యార్థి ప్రయత్నించాడు. అవతలి వైపు బిల్ డ్యువాల్ ఉన్నాడు. ‘లాగిన్’ అనే ఆంగ్లపదంలోని అక్షరాలను ఒక్కొక్కటిగా పంపుతూ, అవి చేరాయో లేదో టెలిఫోన్‌లో అడిగి తెలుసుకున్నారు. ‘ఎల్’, ‘ఓ’ చేరాయి. మూడవ అక్షరం దగ్గర అవతలి వ్యవస్థ కుప్పకూలింది. దానిని సరిచేశాక, సుమారు గంట తరువాత ప్రవేశం సాధ్యమైంది.

ఆర్పానెట్ చరిత్రకారులు ఆ రెండక్షరాలను ఎంతో ఇష్టంగా తలుచుకుంటారు. ఆ గంటను గురించి మాట్లాడేవారు తక్కువ. దారి ఎక్కడ తెగిందో తేల్చడానికి ఆ దారికి సంబంధం లేని మరొక సాధనం అవసరమని తొలిరోజే తేలింది. ఆనాడు అది టెలిఫోన్. నేడు కూడా సర్వర్‌లోకి వెళ్ళే మార్గం మూసుకుపోతే, నిర్వాహకుడు వేరే దారిన దాని కన్సోల్‌ను చేరుకోవలసిందే.

నమ్మకం నుంచి నిరూపణకు

టెల్నెట్ నియమావళి 1983లో ప్రమాణరూపం పొందింది. అదే సంవత్సరం వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో ఆర్‌లాగిన్ వచ్చింది. టెల్నెట్‌లో పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా, కార్డుముక్క మీద రాసిన ఉత్తరంలా ప్రయాణించేది. ఆర్‌లాగిన్‌లోనైతే, ముందే రాసిపెట్టిన జాబితాలో పేరున్న యంత్రం నుంచి వచ్చినవారిని పాస్‌వర్డ్ అడగకుండానే లోనికి రానిచ్చే వీలుండేది. 1988 నవంబర్ 2న రాబర్ట్ మోరిస్ విడుదల చేసిన వార్మ్ ఇతర లోపాలతో పాటు ఈ నమ్మకాన్ని కూడా వాడుకొని వ్యాపించింది.

1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో పాస్‌వర్డులను దొంగచాటుగా సేకరించిన ఘటన జరిగింది. అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ దానికి పరిష్కారంగా ఎస్‌ఎస్‌హెచ్‌ను రచించి అదే ఏడాది జూలైలో విడుదల చేశాడు. ఎఫ్‌టీపీది 21వ పోర్టు, టెల్నెట్‌ది 23వ పోర్టు. వాటి నడుమ ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం రూపొందించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తరువాత లినక్స్‌కూ చేరి అక్కడ స్థిరపడింది.

నిరాకరణ భాష

ప్రవేశం దొరకనప్పుడు తెరపై కనిపించే వాక్యాలన్నీ ఒకటి కావు. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అన్నది ఒక సమాధానం: చాలావరకు, యంత్రం దొరికింది గాని ఆ పోర్టు వద్ద వినే ప్రోగ్రామ్ లేదని అర్థం. ‘టైమ్డ్ అవుట్’ అంటే మౌనం. చిరునామా తప్పై ఉండవచ్చు, లేదా నడుమనున్న ఫైర్‌వాల్ అభ్యర్థనను చప్పుడు లేకుండా పారవేసి ఉండవచ్చు. ‘పర్మిషన్ డినైడ్’ అన్నది గడప దాకా వెళ్ళినవారికే వినిపించే మాట. దానికి కారణాన్ని మాత్రం సర్వర్ బయటివారికి వివరించదు. వివరిస్తే చొరబాటుదారుకు దారి చూపినట్లవుతుంది. ఆ వివరం లోపలి లాగ్‌లో నమోదవుతుంది. సరైన తాళంచెవి ఉన్నప్పటికీ, యజమాని హోమ్ డైరెక్టరీలో ఇతరులకు రాసే అనుమతి ఉంటే సర్వర్ ఆ తాళంచెవిని లెక్కచేయదు. నిర్వాహకులను గంటల తరబడి తిప్పలు పెట్టే కారణాలలో ఇదొకటి. జాబితాలోని పేరును చూసి తలుపు తీసిన కాలం నేర్పిన జాగ్రత్త ఇందులో కనిపిస్తుంది.

వీటన్నింటికంటే చిక్కైనది, సర్వర్ గుర్తింపు తాళంచెవి మారిందని చెప్పే హెచ్చరిక. 2006 సెప్టెంబర్‌లో డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో చేసిన ఒక మార్పు వల్ల, ఒక్కొక్క రకానికి, పరిమాణానికి 32,767 తాళంచెవులు మాత్రమే పుట్టే స్థితి ఏర్పడింది. 2008 మే 13న ఈ సంగతి ప్రకటితమయ్యాక నిర్వాహకులు సర్వర్ల తాళంచెవులను మార్చవలసివచ్చింది. అలా మార్చిన చోటల్లా పాత వాడుకరులకు అదే హెచ్చరిక ఎదురవుతుంది. చొరబాటునూ మరమ్మత్తునూ యంత్రం ఒకే వాక్యంతో చెబుతుంది. పాత నమోదును తుడిచేసి ముందుకు సాగే అలవాటు ఇలాంటి చోట్లనే బలపడుతుంది. దానిని లోపాన్వేషణ అనలేము. అది లోపాన్ని దాటవేయడమే.

అర సెకను

దీనికి భిన్నమైన ఉదాహరణ 2024 నాటిది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అభివృద్ధికారుడు ఆండ్రెస్ ఫ్రూండ్ తన డెబియన్ యంత్రంపై వేగపరీక్షలు చేస్తుండగా, విఫలమైన ఎస్‌ఎస్‌హెచ్ ప్రయత్నాలు సైతం ప్రాసెసర్ సమయాన్ని అతిగా వాడుకోవడం గమనించాడు. సుమారు 0.3 సెకన్లలో ముగియవలసిన ప్రవేశానికి 0.8 సెకన్లు పడుతున్నది. అతడు దానిని వదిలిపెట్టలేదు. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి అమర్చారని కనుగొని మార్చి 29న బహిరంగపరిచాడు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నేరుగా ఎక్స్‌జెడ్‌పై ఆధారపడదు. కొన్ని లినక్స్ పంపిణీలు సిస్టమ్‌డీ కోసం చేర్చిన మార్పు గుండా ఆ బంధం ఏర్పడింది. జియా తాన్ అనే పేరుతో పనిచేసిన వ్యక్తి రెండేళ్ళకు పైగా సహాయకుడిగా మెలగి ఆ సాఫ్ట్‌వేర్ నిర్వాహకుల నమ్మకాన్ని సంపాదించాడు. ప్రకటన వెలువడేనాటికి ఆ వెర్షన్లు డెబియన్ పరీక్షాదశ శాఖలలోకీ, ఫెడోరా ముందస్తు విడుదలలలోకీ చేరాయి. డెబియన్ స్థిరశాఖలోకి మాత్రం ఇంకా అడుగుపెట్టలేదు.