కనిపించని అతుకు

నర్సాపురం లేసు మన తెలుగు ఇండ్లకు క్రొత్త కాదు. కొక్కెపు సూదితో ఒకే దారమును అల్లుకొనుచు పోవుట దాని పద్ధతి. ఐరోపాలో వేరొక విధమైన లేసు కలదు. దానిని మనము కండెల లేసు అని పిలుచుకొందము. దిండుపై నమూనాను పరచి, గుండుసూదులు గ్రుచ్చి, దారము చుట్టిన సన్నని కొయ్యకండెలను జతలు జతలుగా మెలివేయుచు, ఒకదానిపై నొకటి దాటించుచు దానిని అల్లుదురు. 16వ శతాబ్దిలో ఇటలీలోను, ఫ్లాండర్సులోను ఈ విద్య వర్ధిల్లినది. పెద్ద పనులకు వందలకొలది కండెలు పట్టును.

ఎన్ని దారములో అన్ని కొసలు. మగ్గముపై పడుగుపోగు తెగినచో మన నేతగాడు అతుకు వేయును. ఆ అతుకు తక్కిన పోగుల నడుమ దాగిపోవును. లేసులో అట్టి చాటు లేదు. సగము దారము, సగము ఖాళీ. అందుచేత కండెలో దారము అయిపోవచ్చినప్పుడు నేర్పరి ముడివేయదు. క్రొత్త దారమును ప్రాతదాని సరసను చేర్చి, రెంటిని కొంతదూరము ఒక్కటిగా నడిపి, పిమ్మట ప్రాతకొసను కత్తిరించును. గుండ్రని పనిలో చివర మొదటిని కలిసినచోట, మొదటి అంచు కన్నములగుండ దారమును సన్నని కొక్కెముతో పైకి లాగి, ఆ ఉచ్చులో జతకండెను దూర్చి బిగించును.

ఈ నేర్పు శిఖరము నందుకొన్నది బ్రస్సెల్సు నగరమున. అచ్చటి లేసు పూలకు నేపథ్యముగా డ్రోషెల్ అను షట్కోణపు జాలి ఉండెడిది. దాని నూలు మిక్కిలి సున్నితము. పొడిగాలి తగిలిన తెగిపోవును. కావున మేలిరకపు నూలును చీకటి నేలమాళిగలలో వడికెడివారు. జాలిని అంగుళము వెడల్పు పట్టీలుగా మాత్రమే అల్లెడివారు. గజము వెడల్పు మేలిముసుగు కావలెనన్న 36 పట్టీలు, 35 అతుకులు! ప్రక్కప్రక్కనున్న అంచులను సూదితో కలుపుచు, ఆ కుట్టునే మరియొక జాలివరుసగా తీర్చెడివారు. దీని పేరు రక్రో కుట్టు. చిరకాలము ఇది బ్రస్సెల్సు, బేయూ పనివారికే తెలిసిన రహస్యము.

బ్రస్సెల్సులో జాలి అల్లునది ఒకతె, పూలు చేయునది ఒకతె, పూలను జాలికి కుట్టునది ఒకతె, పట్టీల నతుకునది వేరొకతె. ఇందరిలో ఈ చివరి స్త్రీ గతి విచిత్రమైనది. అతుకు కనబడినచో నింద ఆమెది. కనబడనిచో ఆమె పనిచేసినట్లే ఎవరికిని తెలియదు.

1809లో ఇంగ్లండున జాన్ హీత్‌కోట్ జాలి నల్లు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. ఆ యంత్రము వెడల్పైన జాలిని అతుకు లేకయే అల్లినది. 1816లో లౌబరోలోని అతని కర్మాగారముపై లడ్డైటులు దాడిచేసి యంత్రములను పగులగొట్టిరి. అతడు డెవన్ ప్రాంతపు టివర్టనుకు తరలిపోయెనే కాని యంత్రము ఆగలేదు. 1840లో విక్టోరియా రాణి వివాహమునకు డెవన్ స్త్రీలు కండెలతో పూలల్లిరి. ఆమె మేలిముసుగులో ఆ పూలను యంత్రపు జాలిపైననే కుట్టిరి. పూలు చేతిపనిగా నిలిచినవి, జాలి చేజారినది. పట్టీలు లేనిచోట అతుకరితో పనియేమి?

రక్రో వెంటనే అంతరింపలేదు. 19వ శతాబ్దిలో షాంటిలీ లేసు అను పేరుతో బేయూలో తయారైన నల్లపట్టు శాలువలు ఒక్క చేతిమీదుగా అయ్యెడివి కావు. అనేకులు వేర్వేరుగా అల్లిన భాగములను ఆ కుట్టే ఏకము చేసినది. పిదప యంత్రములు పూలను సైతము అనుకరించుటతో ఆ పనియు సన్నగిల్లెను.

కండెల లేసు మాత్రము బ్రతికియున్నది. స్లొవేనియాలోని ఇద్రియా పట్టణమున 1876లో వెలసిన లేసు పాఠశాల నేటికిని నడచుచున్నది. 2018లో యునెస్కో ఆ దేశపు కండెల లేసును మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది.

వస్తుప్రదర్శనశాలలో ప్రాచీనమైన లేసు కనబడినచో మనము మొదట పూలను మెచ్చుకొందుము. ఒక్క నిమిషము జాలివంకను చూతము. అతుకు ఎంత వెదకినను దొరకకున్నచో, పేరు మిగులని ఆ చేతికి అదియే సంతకమని గ్రహింతము.