చలికోసం పుట్టిన కోడి

మాంట్రియాల్ నగరానికి పడమరగా, ఒటావా నది వెడల్పయి సరస్సులా పరుచుకునే చోట ఓకా అనే ఊరుంది. జనవరి రాత్రుల్లో అక్కడ చలి సున్నాకి ఇరవై డిగ్రీల కిందికి దిగడం వింతేమీ కాదు. 1881లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ట్రాపిస్టు సన్యాసులు అక్కడ మఠం పెట్టుకున్నారు. మౌనం, ప్రార్థన, ఒళ్లొంచి పని వాళ్ల నియమాలు. మాంసం ముట్టరు. అలాంటి మఠంలో బ్రదర్ విల్ఫ్రిడ్ షాట్లెన్ అనే సన్యాసి, గుడ్లకీ మాంసానికీ రెంటికీ పనికొచ్చే కొత్త కోడిజాతిని తయారుచేయడానికి 1907లో పూనుకున్నాడు. ఆ కోడి పేరు షాంటెక్లేర్. కెనడా గడ్డమీద రూపుదిద్దుకున్న మొదటి కోడిజాతి. దాని కథలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది: ఎవరిని గెలవడానికి పుట్టిందో ఆ శత్రువు చేతిలో అది ఎన్నడూ ఓడలేదు.

ఆ శత్రువు చలి. చలిలో కోడికి ముందుగా దెబ్బతినేది నెత్తిమీది తురాయి. ఈకలు లేని, రక్తం నిండిన తోలు అది. కోడికి చెమట పట్టదు; ఒంటి వేడి బయటికి పోయే దారుల్లో తురాయి ఒకటి, గొంతు కింద వేలాడే ఎర్రతోలు మరొకటి. ఇటలీ ఎండల నుంచి వచ్చిన లెగ్‌హార్న్ జాతికి అంత పెద్ద తురాయి ఊరికే రాలేదు. మే నెలలో మన కోళ్లఫారాల్లో గోనెపట్టాలు తడిపి కట్టి, కప్పుమీద నీళ్లు చల్లినా కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతుంటాయే, అక్కడైతే ఆ తురాయి కాస్త ఆసరా. ఓకా మంచులో అదే శాపం. రక్తం గడ్డకడుతుంది, కొసలు నల్లబడతాయి, కొన్నాళ్లకి ఊడిపోతాయి. పుంజుకైతే సంతానశక్తి కూడా తగ్గుతుంది.

పోనీ గూడు తలుపులు బిగించి కాపాడదామంటే అదీ కుదరదు. కోళ్ల ఊపిరీ రెట్టల తడీ లోపలే నిలిచిపోతాయి. పొడి చలికన్నా ఆ చెమ్మే తురాయిని త్వరగా కొరుకుతుంది. పైనుంచి గాలి పోతుండాలి, పడుకున్న కోళ్లకి ఈదరగాలి తగలకూడదు, కింద గడ్డి పొడిగా ఉండాలి. ఎక్కి కూచునే కర్ర వెడల్పుగా ఉంటే కోడి తన వేళ్లని పొట్ట ఈకలతో కప్పుకుని రాత్రి గడుపుతుంది. ఇవన్నీ చేసినా చలికాలంలో గుడ్లు అంతంతమాత్రమే. డిసెంబరులో అక్కడ పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. పెట్ట జోరుగా పెట్టాలంటే పధ్నాలుగు గంటల వెలుగు కావాలి.

విల్ఫ్రిడ్ గూటిని వదిలి కోడిని పట్టుకున్నాడు. ముదురురంగు కార్నిష్ పుంజుని తెల్ల లెగ్‌హార్న్ పెట్టతో కలిపాడు. రోడ్ ఐలండ్ రెడ్ పుంజుని తెల్ల వయన్‌డాట్ పెట్టతో కలిపాడు. ఆ రెండు జంటల పిల్లల్నీ మళ్లీ ఒకదానితో ఒకటి జతచేశాడు. తర్వాత తెల్ల ప్లిమత్ రాక్ పుంజుని తెచ్చాడు. ఇక్కడ మనకో చిన్న చుట్టరికం ఉంది. కార్నిష్ జాతిని పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో తయారుచేసినవాళ్లు మన దేశపు అసీల్‌ని వాడుకున్నారు. సంక్రాంతికి గోదావరి జిల్లాల బరుల్లో దిగే అసీల్ పుంజు తురాయి చాలా చిన్నది, తలకి అంటుకుని ఉంటుంది. పోట్లాటలో ఎదుటి పుంజు ముక్కుకి అందకుండా తప్పించిన ఆ గుణం సముద్రాలు దాటి, జాతులు మారి, ఒక శాకాహారి సన్యాసి పెరట్లో ఇంకో పనికి వచ్చింది.

ఆపైన ఏళ్లతరబడి ఏరివేత. 1918లో విల్ఫ్రిడ్ తన కోడిని లోకానికి చూపించాడు. తెల్లటి ఒత్తైన ఈకలు, పసుపు కాళ్లు, తురాయి ఉండాల్సిన చోట చిన్న బుడిపె, గొంతు కింద దాదాపు ఏమీ లేదు. పుంజు నాలుగు కిలోలకి కాస్త తక్కువ, పెట్ట మూడు కిలోలు. మంచు కురిసే రోజుల్లో కూడా గుడ్డు పెట్టేది. 1921లో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ దాన్ని తన ప్రమాణ గ్రంథంలోకి ఎక్కించింది. 1935లో అల్బర్టా నుంచి కౌజు రంగు షాంటెక్లేర్ కూడా వచ్చి చేరింది. అది వెలిగిన కాలం అంతే.

దాని పేరు మాత్రం అంతకుముందే ఉంది. మధ్యయుగపు ఫ్రెంచి నక్క కథల్లో షాంటెక్లేర్ ఒక పుంజు. ఎడ్మండ్ రోస్టాండ్ 1910లో అదే పేరుతో నాటకం ఆడించాడు. తాను కూస్తేనే సూర్యుడు పొడుస్తాడని నమ్మే పుంజు కథ అది. తన కూతతో పనిలేకుండానే తెల్లవారిందని ఒకనాడు దానికి తెలిసివస్తుంది. ఓకా కోడికి ఆ తెలివిడి కరెంటు బల్బు రూపంలో వచ్చింది. షెడ్డులో లైటు వేస్తే పెట్టకి పగలు పెరుగుతుంది. గోడల్లో వేడి నిలిచే ఏర్పాటు చేసి, ఫ్యాన్లు పెట్టి, వేల కోళ్లని పంజరాల్లో దగ్గర దగ్గరగా కూర్చోబెడితే వాటి ఒంటి వేడే షెడ్డుని వెచ్చగా ఉంచుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కోళ్ల పెంపకం అలా గోడల మధ్యకి వెళ్లిపోయింది. విల్ఫ్రిడ్ ఒక దశాబ్దం కూచుని కోడిని చలికి సిద్ధం చేస్తే, ఫారం యజమానులు చలినే బయట వదిలేశారు.

లోపల చలి లేకపోతే ఇక పెద్ద తురాయితో పేచీ ఏముంది? లెగ్‌హార్న్ తిరిగొచ్చింది. ఒంటారియోలోని గాల్ట్‌లో డొనాల్డ్ షేవర్ తయారుచేసిన స్టార్‌క్రాస్ 288 లాంటి తెల్ల సంకరాలు దేశదేశాలకి పాకాయి. ఏడాదికి రెండు వందల గుడ్ల దగ్గర ఆగే షాంటెక్లేర్‌ని అవి సునాయాసంగా దాటేశాయి. మాంసం వైపు చూస్తే అక్కడ బ్రాయిలర్ వచ్చింది. దాని మూలం కార్నిష్, ప్లిమత్ రాక్ కలయిక. అంటే తల్లి వైపువాళ్లు గుడ్లని, తండ్రి వైపువాళ్లు మాంసాన్ని పట్టుకుపోయారు. రెండు పనులూ ఓ మోస్తరుగా చేసే బిడ్డకి ఏ వాటా మిగల్లేదు. పరాయివాళ్లు కూలదోసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

ఓకా మఠం నడిపిన వ్యవసాయ విద్యాలయం 1962లో మూతబడింది. కోడి అక్కడక్కడా మిగిలింది. 1979లో సస్కచ్వాన్ విశ్వవిద్యాలయం తన దగ్గరున్న షాంటెక్లేర్ మందని తీసేసింది. లోకానికి తెలిసిన చివరి మంద అదే కావడంతో జాతి అంతరించిందనే అనుకున్నారు. తర్వాత గాలిస్తే కొందరు రైతుల దగ్గర కొద్దికొద్దిగా కనిపించింది. అవి పెద్ద ఫారాలు కావు. లెక్కల్లోకి ఎక్కని పెరటి కోళ్లు.

1998 జనవరిలో, ఓకా ఉన్న క్యూబెక్ రాష్ట్రం మీద రోజుల తరబడి మంచువాన కురిసింది. పడిన చినుకు పడినట్టే గడ్డకట్టి, ఆ బరువుకి ఇనుప కరెంటు టవర్లు కూలిపోయాయి. లక్షల ఇళ్లు చీకట్లో మునిగాయి. కొన్ని ఊళ్లకి నెల దాటాక గానీ కరెంటు రాలేదు. పాలు పితికే యంత్రాలు ఆగాయి, షెడ్లలో ఫ్యాన్లు ఆగాయి, పాలు పారబోశారు, పశువులు చచ్చిపోయాయి. అలాంటప్పుడు బుడిపె తురాయి కోడి విలువేమిటో ఎవరైనా అడిగారో లేదో గానీ, మరుసటి ఏడు, 1999లో, క్యూబెక్ శాసనసభ ఒక చట్టం చేసింది. కెనడా గుర్రం, కెనడా ఆవు, షాంటెక్లేర్ కోడి రాష్ట్ర వ్యవసాయ వారసత్వమని అందులో రాసింది. గుర్రమూ ఆవూ పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి ఓడల్లో దిగినవాటి సంతతి. వాటి పక్కన నిలబెట్టిన కోడి జనం ముందుకి వచ్చి అప్పటికి ఎనభయ్యొక్క ఏళ్లే.