ఒకే బండ, ఒకే బండి

“కార్లన్నీ ఒకే అచ్చున పోసినవైతే ఇక వాటి నడుమ పందెము దేనికండీ? ఏది ముందు వచ్చినా ఆ కారే గదా వచ్చేది!”

హిందూపురము దాపున ఒక పల్లె నుంచి ఒక శ్రోత మాకు వ్రాసిన ప్రశ్న ఇది. 2022 చివర హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన మోటారు పందెములను ప్రస్తావిస్తూ, పాల్గొన్న కార్లన్నీ ఒకే రకమువని మేము ఒక్క మాట అని ఊరుకున్నాము. ఆ ఒక్క మాట ఆయనకు మింగుడుపడలేదు. ఆయన వ్యవసాయదారు, ఎద్దుల జతను సాకుతున్న మనిషి. అందుచేత సమాధానము ఆయన పశువుల కొట్టములోనే దొరుకుతుందని నాకు తోచినది.

రాయలసీమలో తిరునాళ్ళకు, పండుగలకు బండలాగుడు పోటీలు పెట్టడము శ్రోతలెరిగినదే. ఎవరి బండను వారు ఇంటి నుంచి తెచ్చుకోరు. నిర్వాహకులు ఒక బండను బరిలో ఉంచుతారు. పళ్ళను చూచి ఎద్దుల వయస్సు నిర్ణయించి విభాగములు చేస్తారు. ఒక విభాగములోని జతలన్నీ అదే బండను, అదే బరిలో, నియమిత సమయములో లాగవలె. ఏ జత ఎన్ని అడుగులు లాగినదన్నదే లెక్క. జతజతకూ బండ మారితే అది పోటీయే కాదు. ఇక్కడ బండకు ఏ స్థానమున్నదో, ఒకే రకపు కార్ల పందెములో కారుకు ఆ స్థానమే ఉన్నది. బండ గెలిచినదని తిరునాళ్ళలో ఎవ్వరూ అనరు.

మామూలు మోటారు పందెములలో సంగతి వేరు. అక్కడ ఎవరి బండి వారిది. ఎక్కువ డబ్బు పెట్టగలిగినవాడు మంచి ఇంజను, మంచి టైర్లు, మంచి మెకానిక్కులను సంపాదించుకొంటాడు. గెలిచినది అతని చేయా, అతని సంచియా అన్నది చూచేవారికి తేలదు. ఈ సందేహమును తీర్చడానికి యూరపులో ఒకే కంపెనీ తయారుచేసిన, ఒకే నమూనా కార్లతో ఛాంపియన్‌షిప్పులు ప్రారంభించినారు. జర్మనీలో 1990లో పోర్షె కారెరా కప్, 1993లో ఫెరారీ ఛాలెంజ్, 2009లో లంబోర్గీని సూపర్ ట్రోఫియో ఆ విధముగా వచ్చినవే. వీటిలో పరుగెత్తేవి జి.టి. కార్లు. గ్రాన్ టూరిస్మో అనే ఇటాలియను మాటకు అది పొడి అక్షరము. దూరప్రయాణమునకు తగిన వేగము గల పైకప్పు కారు అని భావము. తయారీదారులకు ఇందులో వ్యాపారము లేకపోలేదు. ఎవరు గెలిచినా పతాకము క్రింద నిలిచేది తమ కారే! మన శ్రోత వేళాకోళముగా అన్న మాట వ్యాపారి దృష్టిలో అక్షరాలా నిజము.

2012లో ఆసియాలో ఆడి ఆర్ 8 ఎల్.ఎం.ఎస్. కప్ అనే జి.టి. ఛాంపియన్‌షిప్ మొదలైనది. అందులో పోటీచేసిన వారిలో చెన్నైకి చెందిన ఆదిత్య పటేల్ ఒకరు. అందరికీ ఒకే కారు ఇచ్చే పద్ధతి ఎట్లుంటుందో లోపల కూర్చుండి చూచిన మనిషి ఆయన. ఆయనే మరొక చోదకుడు అర్మాన్ ఇబ్రహీముతో కలిసి మన దేశములో ఒక లీగును తలపెట్టినారు. దానికి ఫలమే 2022లోని ఇండియన్ రేసింగ్ లీగ్.

అయితే ఈ ఆలోచన మన దేశమునకు విదేశము నుంచి వచ్చిన దిగుమతి సరుకు మాత్రము కాదు. దానికి ముందే ఇక్కడ ఒక చరిత్ర ఉన్నది. దానిలో తెలుగువారి పాలు కూడా ఉన్నది.

మద్రాసుకు ఉత్తరాన షోలవరములో రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాశ్రయపు దారి ఒకటి మిగిలిపోయినది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు దానిపై పందెములు నడిపేవారు. ఒకరు విదేశము నుంచి తెప్పించిన రేసు కారుతో వచ్చేవారు. మరొకరు రోజూ ఆఫీసుకు నడిపే కారుకే మెరుగులు దిద్ది తెచ్చేవారు. జనము వేలకొలది వచ్చి చూచేవారు గాని, ఇద్దరు చోదకులలో ఎవరు మేటి అని అడిగితే మాత్రము చెప్పడము కష్టము.

దీనికి విరుగుడు కనిపెట్టిన మనిషి కోయంబత్తూరు వాసి ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరులో బట్టల మిల్లులను నెలకొల్పిన వారిలో తెలుగు మాట్లాడే నాయుళ్ళ కుటుంబములు ప్రముఖమైనవి. విజయనగర కాలములోను, ఆ తర్వాత నాయకరాజుల కాలములోను దక్షిణమునకు తరలిపోయిన తెలుగువారి సంతతి అది. 1565లో తళ్ళికోట యుద్ధము తర్వాత ఆ సామ్రాజ్యమునకు రాజధాని అయినది మన పెనుకొండయే అన్నది ఇక్కడ గుర్తుచేయకుండా ఉండలేను. అట్టి మిల్లు యజమానుల కుటుంబములో పుట్టిన కరివర్ధన్‌కు మిల్లుకంటె ఇంజను మీద మమకారము ఎక్కువ. 1983 చివర మన రోడ్లమీదికి మారుతి 800 వచ్చినది. దాని చిన్న ఇంజనును, 796 సి.సి. మాత్రమే గల దానిని, తాను రూపొందించిన తేలికపాటి ఒంటి సీటు చట్రములో ఆయన బిగించినాడు. 1988లో వచ్చిన ఆ కారే ఫార్ములా మారుతి. ప్రతి పట్టణములోను విడిభాగములు దొరికే ఇంజను గనుక ఖర్చు తగ్గినది; అందరి కారూ ఒకటే గనుక సాకులూ తగ్గినవి. యూరపులో ఒకే రకపు కార్ల పందెమునకు వెనుక ఐశ్వర్యము ఉన్నది. మన దేశములో దానిని కన్నది పొదుపు.

కరివర్ధన్ 1995లో చిన్న విమానము కూలి మరణించినాడు. ఆయన పేరిట కోయంబత్తూరు వద్ద కరి మోటార్ స్పీడ్‌వే వెలసినది. ఆ ఊరివాడే అయిన నారాయణ్ కార్తికేయన్ తొలి పందెములు నడిపినది ఫార్ములా మారుతిలోనే. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు అతడు.

ఇక 2022 సంగతి. లీగుకు ఎన్నుకొన్న కారు ఇటలీలో తయారైన వుల్ఫ్ జి.బి. 08. ఉన్నమాట చెప్పవలెనంటే ఇది జి.టి. కారు కాదు; పైకప్పులేని పందెపు కారు. దీనికి అప్రిలియా మోటారు సైకిలు ఇంజను అమర్చినారు. సామర్థ్యము సుమారు 1,100 సి.సి., బలము 220 అశ్వశక్తి వరకు. హైదరాబాదు, కొచ్చి, చెన్నై, బెంగుళూరు, గోవా, ఢిల్లీ పేర్లతో ఆరు జట్లు. జట్టుకు రెండు కార్లు, నలుగురు చోదకులు. ఆ నలుగురిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది. బండి ఒకటే అయినప్పుడు ఆడ, మగ అనే విభాగములు చేయవలసిన అగత్యమేమి?

కార్లను సమానముగా ఉంచడము మాటలు కాదు. పెనుకొండ మండలములోని ఎఱ్ఱమంచి వద్ద 2019 నుంచి కియా కర్మాగారములో కార్లు తయారవుతున్నవి. ఒకే వరుసలో ఒకదాని వెంట ఒకటి వచ్చిన రెండు కార్లు సైతము వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి రెండు దారులు పడతవి. ధర్మవరములో ఒకే పట్టు, ఒకే జకార్డు అట్టలు ఇచ్చి ఇద్దరు నేతగాండ్రతో నేయించి చూడండి. చీర పట్టుకొని చూచిన షావుకారు ఏది ఎవరిదో చెప్పగలడు. అందుచేత ఒకే రకపు కార్ల పందెములలో ఇంజన్లకు సీలు వేస్తారు. టైర్లు ఒకే కంపెనీవి, లెక్క ప్రకారము ఇస్తారు. పందెము కాగానే కారును తూకము వేస్తారు. ఇంత కట్టుదిట్టము చేసినా ఒక వస్తువును మాత్రము సీలు వేసి ఉంచడము ఎవరి తరమూ కాదు. అది దారి. 2022 సీజను నేర్పిన పాఠము అదే.

హైదరాబాదులో పందెపు దారి విడిగా కట్టినది కాదు. సచివాలయము, లుంబినీ పార్కు, ఎన్.టి.ఆర్. గార్డెన్స్ పరిసరములలో జనము నిత్యము తిరిగే వీధులనే మూసి, ఇరుప్రక్కల కాంక్రీటు దిమ్మెలు, ఇనుప వలలు నిలిపి సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టును సిద్ధపరచినారు. చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఉన్న ట్రాకు మీద చోదకుడు పొరపాటు చేస్తే కారు ప్రక్కనున్న మట్టిలోకి జారిపోతుంది, తిరిగి రావచ్చును. వీధి పందెములో పొరపాటుకు ఎదురయ్యేది గోడ.

నవంబరు 19, 20 తేదీలలో హైదరాబాదులో ప్రారంభము. ప్రమాదములు, వాటి వెంట ఆలస్యములు పగటి వెలుతురును మింగివేసినవి. ఎంతో ఆర్భాటముతో మొదలైన తొలి విడతలో లీగు పందెము ఒక్కటైనా జరగలేదు. టిక్కెట్టు కొని ఎండలో కూర్చున్న ప్రేక్షకుల నిరాశ ఎట్టిదో చెప్పనక్కరలేదు. నవంబరు చివర ఒక విడత, డిసెంబరు మొదట మరొక విడత చెన్నై ట్రాకు మీద నడచినవి. లెక్కలోకి వచ్చిన తొలి పాయింట్లు అక్కడివే. హైదరాబాదు పేరు పెట్టుకొన్న జట్టు సొంత ఊరిలో ఒక్క పాయింటైనా గెలువకముందే సీజను సగము గడచిపోయినది!

చివరి విడతకు డిసెంబరు 10, 11 తేదీలలో కార్లు మరల హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు చేరినవి. 10వ తేదీన ఒక విచిత్రము జరిగినది. అడ్డుగా పెట్టిన కంచెల సందుల నుంచి నగరవాసుల వాహనములు కొన్ని పందెపు దారిలోకి వచ్చినవి. వార్తలలో దీనిని గురించి నవ్వుకొన్నారు. కొందరు ఆ వాహనదారులను నిందించినారు. నాకు మాత్రము వారి తప్పు కనబడదు. రోజూ ఆఫీసుకు పోయే దారి అది. ఆ స్కూటర్లు, కార్లు వేగములో తక్కువైనవి గాని ఆ దారి మీది హక్కులో తక్కువైనవి కావు.

11వ తేదీ సాయంకాలమునకు లెక్క తేలినది. గాడ్‌స్పీడ్ కొచ్చి 417.5 పాయింట్లతో ప్రథమ స్థానము, హైదరాబాదు బ్లాక్‌బర్డ్స్ 385 పాయింట్లతో ద్వితీయ స్థానము, గోవా ఏసెస్ 282 పాయింట్లతో తృతీయ స్థానము పొందినవి. ఓడిన హైదరాబాదు జట్టులో ఎవరున్నారో చూడండి. ఫ్రాన్సులోని లె మాన్‌లో 24 గంటల పందెమును 2016లో పోర్షె కారుతో గెలిచిన ముగ్గురిలో ఒకరైన నీల్ జానీ ఉన్నారు. హైదరాబాదు వాసి అనిందిత్ రెడ్డి, బెంగుళూరు నుంచి అఖిల్ రవీంద్ర, ఫ్రాన్సు నుంచి లోలా లొవాన్‌ఫోస్ ఉన్నారు. కొచ్చి జట్టులో అలిస్టర్ యూంగ్, రుహాన్ ఆళ్వా, నిఖిల్ బోహ్రా వంటి యువకులు, వారితో లీష్టెన్‌స్టైన్ దేశపు మహిళ ఫాబియెన్ వోల్‌వెండ్. లె మాన్ గెలిచిన కీర్తికి తూకపు రాళ్ళలో బరువు లేదు. అందరి బండీ ఒకటే అయినప్పుడు నిన్నటి బిరుదులు ఇంటి వద్దనే ఉండిపోతవి. శ్రోతగారి ప్రశ్నకు నేనిచ్చే మొదటి సమాధానము ఇది.

రెండవ సమాధానము అంత సంతోషకరమైనది కాదు. కార్లు సమానమైనవే గాని కారు దాకా వచ్చే దారి సమానమైనది కాదు. ఈ చోదకులలో చాలమంది పిల్లతనములోనే గో-కార్టు అనే చిన్న బండి ఎక్కినవారు. దానికి ట్రాకు కావలె, టైర్లు కావలె, వారము వారము ప్రయాణము చేయించగల తండ్రి కావలె. హిందూపురము నుంచి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లే; పెనుకొండ మీదుగా హైదరాబాదు, బెంగుళూరు నగరములను కలిపే జాతీయ రహదారి ఉన్నది. కార్లు తయారుచేసే చేతులూ ఇక్కడనే ఉన్నవి. అయినా ఈ ప్రాంతపు కుఱ్ఱవానికి ఆ సీటు ఎంత దూరమున ఉన్నదో కిలోమీటర్లలో చెప్పలేము. బండలాగుడులో ఎద్దుల పళ్ళు లెక్కించి విభాగములు చేసినవారికున్న ఇంగితము ఈ ఆటకు ఇంకా పూర్తిగా అబ్బలేదని నా అభిప్రాయము. కరివర్ధన్ తన చిన్న ఇంజనుతో ఆ దారిని కొంత కురచ చేసినాడు. ఇటలీ కారు దానిని తిరిగి పొడిగించినదేమో!

హుస్సేన్‌సాగర్ దారి కథ అక్కడితో ముగియలేదు. 2023 ఫిబ్రవరి 11న అదే వీధులలో విద్యుత్తుతో నడిచే కార్ల ఫార్ములా ఇ పందెము జరిగినది. ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినాడు. అందులో చట్రము అందరికీ ఒకటే, మోటారు యంత్రము మాత్రము ఎవరిది వారిది; సగము సమానత్వమన్నమాట. టాటాల యాజమాన్యములోని జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదానినొకటి ఢీకొని, స్వదేశపు అభిమానులను ఉసూరుమనిపించినవి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో జరగవలసిన పందెము 2024 జనవరిలో రద్దయినది. ఇండియన్ రేసింగ్ లీగు రాత్రివేళ వీధి పందెము 2024 ఆగస్టు చివర చెన్నైలో, ఐలాండ్ గ్రౌండ్సు చుట్టూ జరిగినది. హైదరాబాదులో ఆ దారిని ఆఫీసులకు పోయేవారు తిరిగి తీసుకొన్నారు.

తమ ఊరి తిరునాళ్ళలో ఈ ఏడు ఆరుపళ్ళ విభాగములో తన జతను దింపుతున్నాననీ, వీలుంటే వచ్చి చూడమనీ ఆ శ్రోత లేఖ చివర వ్రాసినారు. ఎద్దుల పేర్లు వ్రాసినారు, వాటి వయస్సు వ్రాసినారు, మేతకు ఏమి పెడుతున్నదీ వ్రాసినారు. బండ బరువెంతో మాత్రము వ్రాయలేదు.