క్వాసీస్పీషీస్ నమూనా

క్వాసీస్పీషీస్ నమూనా అనేది తమ ప్రతులను తయారుచేసుకొనే అణువులు, వైరస్‌లు అధిక ఉత్పరివర్తన రేటు గల పరిస్థితులలో ఏ విధంగా పరిణామం చెందుతాయో వివరించే సిద్ధాంతము. దీనిని జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ఐగెన్ 1971లో ప్రతిపాదించాడు. అనంతరం ఆస్ట్రియా శాస్త్రవేత్త పీటర్ షుస్టర్‌తో కలిసి దానిని విస్తరించాడు. అతివేగ రసాయన చర్యలపై చేసిన పరిశోధనకు గాను 1967 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న వారిలో ఐగెన్ ఒకడు.

మౌలిక భావన

ప్రతికృతి జరిగే ప్రతిసారీ కొన్ని దోషాలు దొర్లుతాయి. దోషాలు అరుదైతే జనాభాలో అధికభాగం ఒకే జన్యుక్రమం కలిగి ఉంటుంది. దోషాలు ఎక్కువైతే మూల క్రమం చుట్టూ దానికి దగ్గరి పోలికలు గల అనేక క్రమాల సమూహం ఏర్పడుతుంది. ఈ సమూహాన్నే క్వాసీస్పీషీస్, అనగా "జాతి వంటిది", అని అంటారు. ఇందులో ప్రకృతి వరణం ఒంటరి క్రమంపై కాక మొత్తం సమూహంపై పనిచేస్తుంది. అందువలన మిక్కిలి వేగంగా పెరిగే క్రమమే ఎల్లప్పుడూ గెలవదు. ఉత్పరివర్తనాలు జరిగినా అంతగా నష్టపోని క్రమాల సమూహం, నెమ్మదిగా పెరిగేదైనా, దానిని అధిగమించగలదు.

దోష పరిమితి

ఒక్కొక్క అక్షరానికి దోషం జరిగే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. 100 అక్షరాల క్రమం దోషరహితంగా నకలయ్యే అవకాశం సుమారు 37 శాతం. 1,000 అక్షరాల క్రమానికి అది లక్షకు నాలుగు మాత్రమే. మూల క్రమం తన ఉత్పరివర్తకాలకన్నా పది రెట్లు వేగంగా పెరిగినప్పటికీ, ఈ దోష రేటు వద్ద సుమారు 230 అక్షరాలకు మించి నిలువజాలదు. ఆ హద్దు దాటితే సమాచారం క్రమంగా చెదిరిపోతుంది. ఈ హద్దును దోష పరిమితి అంటారు.

దీని నుండి ఐగెన్ వైరుధ్యం పుట్టింది. దోషాలను తగ్గించే ఎంజైములు లేనిదే పొడవైన జన్యుక్రమం నిలువదు. పొడవైన జన్యుక్రమం లేనిదే అట్టి ఎంజైములు తయారుకావు. జీవోత్పత్తి పరిశోధనలోని ముఖ్య ప్రశ్నలలో ఇది ఒకటి.

ప్రయోగాలు

* 1967లో సోల్ స్పీగెల్‌మన్ బృందం క్యూ-బీటా అనే బాక్టీరియా వైరస్ ఆర్.ఎన్.ఏ.ను పరీక్షనాళికలో ప్రతికృతి చేయించింది. త్వరగా నకలయ్యే అణువులకే అవకాశమిస్తూ 74 సార్లు నాళిక మార్చేసరికి ఆ ఆర్.ఎన్.ఏ. తన పొడవులో 83 శాతం కోల్పోయింది.
* 1978లో ఎస్తెబాన్ దోమింగో, చార్లెస్ వైస్‌మన్ తదితరులు ఇదే వైరస్‌ను పరిశీలించి, దాని జన్యుక్రమం ఒకే స్థిరమైన క్రమం కాదని, అనేక క్రమాల సగటు అని చూపించారు.
* 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తక్కువ దోషాలు చేసే పోలియో వైరస్ ఎలుకలలో బలహీనంగా ఉన్నట్లు తేలింది. రసాయనాలతో దానిలో వైవిధ్యాన్ని పెంచగా వ్యాధి కలిగించే శక్తి తిరిగి వచ్చింది. దీనిని బట్టి వైవిధ్యం వైరస్‌కు కేవలం భారం కాదని, అవసరం కూడా అని తెలుస్తుంది.

వైద్యంలో ప్రాముఖ్యత

ఆర్.ఎన్.ఏ. వైరస్‌లలో దోష రేటు సాధారణంగా ఒక్కొక్క అక్షరానికి పదివేలకు ఒకటి నుండి పది లక్షలకు ఒకటి వరకు ఉంటుంది. వాటి జన్యుక్రమం పొడవు చాలావరకు పదివేల అక్షరాల స్థాయిలోనే ఉంటుంది. సుమారు 30,000 అక్షరాలు గల కరోనా వైరస్‌లకు దోషాలను సరిదిద్దే ఎంజైము ఉంది.

దోషాలను మరింత పెంచి వైరస్‌ను నశింపజేయడాన్ని మారక ఉత్పరివర్తనం అంటారు. రిబావిరిన్ పోలియో వైరస్‌పై ఈ విధంగా పనిచేయగలదని 2000-2001లో చూపించారు. కోవిడ్-19కు 2021లో వాడుకలోకి వచ్చిన మోల్నుపిరావిర్ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. అయితే వైరస్ పూర్తిగా నశించకపోతే ఉత్పరివర్తకాలు మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఈ మందు గుర్తులుగల ఉత్పరివర్తనాలు వ్యాప్తిలో ఉన్న వైరస్‌లలో కనిపించినట్లు 2023లో ఒక అధ్యయనం తెలిపింది.

విమర్శ

గణితపరంగా ఈ నమూనా జనాభా జన్యుశాస్త్రంలోని ఉత్పరివర్తన-వరణ సమతౌల్యానికి భిన్నమైనది కాదని కొందరు చూపించారు. మారక ఉత్పరివర్తనంలో వైరస్‌ల సంఖ్య తగ్గి అవి అంతరిస్తాయి. దోష పరిమితి దాటినప్పుడు చెదిరేది సమాచారం. కావున ఈ రెండూ ఒకటే అనుకోరాదు.

ఇవి కూడా చూడండి

* జీవపరిణామం
* వైరస్
* ఆర్.ఎన్.ఏ.