వచ్చుననుకొనుటయు, వచ్చుటయు

నెల్లూరు మండలపు సముద్రతీర గ్రామములలో వీధిబడి చదువుల సంగతి యెరిగిన పెద్దలకు ‘పాఠము అప్పజెప్పుట’ యను మాట క్రొత్త గాదు. గురువు శిష్యుని ‘వచ్చినదా?’ యని యడిగి యూరకుండువాడు కాడు. తాటాకులు ప్రక్కన బెట్టించి, నేర్చిన పద్యమునో యెక్కమునో చూడక చెప్పుమనువాడు. ఒకరు దాచుమని యిచ్చిన సొమ్మును మరల వారి చేత బెట్టుటకును మనము ‘అప్పజెప్పుట’ యనియే యందుము. దాచితినని పలుకుట చాలదు, తెచ్చి చూపవలెను. చదువు నట్టిదే యని మన పూర్వులు భావించిరని నా తలంపు.

దీనికి కారణము గలదు. తన జ్ఞాపకమును గూర్చి తాను పలుకు సాక్ష్యము నమ్మదగినది కాదు. పలుమారు చదివిన పుట కంటికి పరిచితమగును. ఆ పరిచయమునే మనస్సు విద్య యని భ్రమించును. 2006వ సంవత్సరమున అమెరికాలో రోడిగర్, కార్పికీ అను నిరువురు పండితులు దీనిని పరీక్షించి ప్రకటించిరి. విద్యార్థులలో కొందరు పాఠమును మరల మరల చదివిరి. కొందరు కొంత చదివి, పిదప చూడక జ్ఞప్తికి దెచ్చుకొని వ్రాసిరి. తమకు బాగుగా జ్ఞాపకముండునను ధీమా మొదటివారికే హెచ్చు. వారము గడచిన పిమ్మట నెక్కువ చెప్పగలిగినవారు మాత్రము రెండవవారు.

మన దేశమున నీ మర్మమును అనుభవముచే నెరిగినవారు గలరు. వేదాధ్యాయులు జటాపాఠమున రెండేసి పదములను ముందునకు, వెనుకకు, మరల ముందునకు జెప్పుదురు. తప్పు దాగుటకు చోటు తక్కువ. అష్టావధాని సభ ముగియునప్పుడు తాను చెప్పిన పద్యములను మరల ధారణ చేయవలెను. తీర్పు సభవారిది, అవధానిది కాదు.

అయినను ఈ పద్ధతియందొక లోపము గలదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో నెల్లూరు మొదలగు జిల్లాల కలెక్టర్లను బడుల స్థితి దెలుపుమని కోరెను. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో వ్రాసిన యుత్తరమున, పిల్లలు పద్యము లనేకములు వల్లించుచున్నను వాని యర్థ మెరుగరనియు, కావ్యభాష వాడుకమాటకు దూరమగుటయే కారణమనియు దెలిపెను. ఆ నిందలో నిజము గలదు. అప్పజెప్పుట ధారణకు పరీక్ష, అర్థజ్ఞానమునకు గాదు. పద్యము తడబడక చెప్పిన బాలుడు తనకు తెలిసినదనియే తలంచును. తండ్రియు నట్లే మురియును.

కావున మనుమడు ‘వచ్చినది తాతా’ యన్నచో, పుస్తకము మూయించి చెప్పించుడు. పిదప తన మాటలలో నర్థము చెప్పించుడు. వారము దినములకు మరల నడుగుడు. ఈ నియమము పిల్లలకే గాదు. పొలముగట్టు తగవులందు, నీటివంతుల తగవులందు ఊరివారు పెద్దల జ్ఞాపకమే ప్రమాణమని మన ముఖము జూతురు. ‘నాకు బాగుగా జ్ఞాపకమున్నది’ యను ధీమా యొకటి, నిజముగా జ్ఞాపకముండుట వేరొకటి. కాగితము చూచి, తోడివారి నడిగి, పిమ్మట పలుకుట మేలు. మన మాటపై నొక కుటుంబపు జీవనాధారము నిలిచి యుండవచ్చును.