నల్లగౌను మళ్ళీ తొడిగారు

ఇంటి మగవాడి మీద నిప్పు పెట్టాడన్న కేసు పడితే ఇల్లాలు ఎవరి గడప తొక్కాలి? గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో ఎన్నో ఇళ్ళకు ఆ గతే పట్టింది. 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్పులు జరిపితే, ఆగ్రహించిన జనం ఠాణా తగలబెట్టారు. 20 మందికి పైగా పోలీసులు చనిపోయారు. ఘోరమే, కాదనను. కానీ సెషన్సు కోర్టు ఏకంగా 172 మందికి ఉరి వేసింది! గుంపులో ఉన్నవాళ్ళంతా ఒకే తప్పు చేశారంటారా?

ఏనాడో ప్రాక్టీసు మానేసిన మదనమోహన మాలవీయగారు మళ్ళీ నల్లగౌను తొడిగి, అలహాబాదు హైకోర్టులో వాళ్ళ తరఫున వాదించారు. 1923 ఏప్రిల్ తీర్పులో 19 మందికే ఉరి ఖాయమైంది. 110 మందికి యావజ్జీవం పడింది. కొందరు ఇళ్ళకే వచ్చేశారు.

చూశారా, అడిగే గొంతు ఒకటుంటే ఎన్ని ప్రాణాలు నిలిచాయో! 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. గుర్తుంచుకోండమ్మా!