చిత్రరూప విచారము

ఆంధ్రుఁడని ప్రసిద్ధిగన్న అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమునందు రూపము శుక్ల, నీల, పీత, రక్త, హరిత, కపిశ, చిత్రములని యేడు విధములుగాఁ జెప్పఁబడినది. సంఖ్యను మాత్రము చూచి, యివియే న్యూటను చెప్పిన సప్తవర్ణములని భ్రమపడుట సులభము. అది సరికాదు. 1672వ సంవత్సరమునఁ బ్రకటితమైన లేఖలో న్యూటను, తెల్లని వెలుఁగు పలువన్నెల కిరణముల సమాహారమని నిరూపించెను; నైయాయికులకు శుక్లము స్వతంత్రరూపము. నలుపు వారి నీలములోనిదే. కపిశము ఇంద్రధనుస్సునందు లేదు. న్యూటను సైతము తొలుత నైదు ముఖ్యవర్ణములనే గ్రహించి, పిదప సంగీతస్వరముల పోలికచే నేడు గావించెను.

తర్కగ్రంథముల ఘనత సంఖ్యయందుఁ గాక చిత్రరూప విచారమునందున్నది. నీలతంతువులను బీతతంతువులను గలిపి నేసిన పటమునకు రూపమేది? పటము తంతువులకంటె భిన్నమైన యవయవి. రూపము వ్యాప్యవృత్తి, అనఁగా ఆశ్రయమునంతటిని వ్యాపించి యుండునది. కావున నా పటము నీలమనరాదు, పీతమనరాదు. రూపమే లేదందుమా, పటము కంటికిఁ గనఁబడనే రాదు. ఇట్లు దీపికయందు అన్నంభట్టు చిత్రమను నేడవ రూపమును స్థాపించెను. రఘునాథ శిరోమణి యంతకు ముందే పదార్థతత్త్వనిరూపణమున దానిని నిరాకరించి, నీలపీతములు తమతమ భాగములందే యుండవచ్చు ననెను. ఒక నియమమును గాపాడుటకై క్రొత్త గుణమును గల్పించుట గౌరవమే. అర్ధమాత్రాలాఘవమునకు సంతసించు వైయాకరణులు శిరోమణినే మెత్తురు.

అయినను, రూపము పటమునందే యున్నదనుట యుభయులకు సమ్మతము. ఈ సమ్మతిని గదల్చిన విచారము కూడ నేఁతశాలలోనే పుట్టినది. పారిసు నగరమందలి గోబెలిన్సు చిత్రకంబళశాలలో 1824వ సంవత్సరమున అద్దకపుఁబని కధ్యక్షుఁడైన షెవ్రుల్ అను రసాయనశాస్త్రజ్ఞునికడకు, నల్లనూలు వెలవెలఁబోవుచున్నదను ఫిర్యాదు వచ్చెను. నీలపు, ఊదా వస్త్రముల మడఁతలలో నీడలకై వాడిన నూలది. ఇతరదేశముల నల్లనూళ్లతోఁ బోల్చి చూడఁగా అద్దకమునందు లోపము కనఁబడలేదు. ప్రక్కనున్న వన్నెయే నలుపును మార్చి చూపుచుండెను. ఈ నియమమును షెవ్రుల్ 1839వ సంవత్సరమున గ్రంథముగాఁ బ్రకటించెను.

మఱియొక విశేషము. అద్దకపుఁదొట్టిలోఁ గలిసిన నీలపీతములు హరితమగును. సన్నని పోగులై నేఁతలోఁ గలిసి దూరమునుండి కంటఁబడినచో ధూసరమై తోఁచును. పటమంతయు వ్యాపించిన యేకరూప మప్పుడు కనఁబడును గాని, యే తంతువునందును అది లేదు. నైయాయికులు దీనిని దూరత్వదోషమువలనఁ గలిగిన భ్రమ యందురు. చేతిదాపున నుండియు వన్నె మాఱి తోఁచిన గోబెలిన్సు నల్లనూలునకు ఆ సమాధానము చాలదు.